దారి కోసం అర తిప్పు

రహాల్ ఆ కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి మూడు చక్రాల బండి మీద దెర్బ్ ఘల్లెఫ్ కంప్యూటర్ల సంతకి తెచ్చేసరికి పదకొండు కావస్తోంది. కొనేవాళ్ళూ, బేరాలాడేవాళ్ళూ, ఊరికే తిరిగేవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్న వేళ. సరిగ్గా అలాంటి వేళ చూసుకునే వచ్చాడు మహానుభావుడు. మిలూద్ కొట్టు ముందు బండి ఆపించి, లోపలికి రాకుండా సందు మధ్యలో నిలబడి గొంతెత్తాడు.

"రండయ్యా రండి! మీ సందులో దొంగ వెలిశాడు, చూసి పోదురు గాని!"

మిలూద్ అప్పుడే పొరల రొట్టె ముక్క తేనెలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతులోనే ఉండిపోయింది. పదిహేడేళ్ళుగా ఆ కొట్లో కూర్చుంటున్నాడు. నత్తనడక పనివాడన్నారు, పిసినారి అన్నారు, చివరికి ముక్కోపి అని కూడా అన్నారు. దొంగ అన్నవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

"ఏంటన్నా ఆ మాటలు? లోపలికి రా, కూర్చో, టీ తాగుతూ మాట్లాడుకుందాం."

"నీ టీ నువ్వే తాగు. నాలుగు రోజుల కింద నీకేమిచ్చాను? చెప్పు, నలుగురూ వినాలి."

"ఫ్యాను గోల పెడుతోందని ఇచ్చావు. ఫ్యాను మార్చాను, దుమ్ము దులిపాను, సాయంత్రానికల్లా ఇచ్చేశాను. అంతేగా!"

"అంతేనట! పదహారు జీబీల మెషీను నీ చేతిలో పెట్టాను. ఎనిమిది జీబీల మెషీను నా చేతిలో పెట్టావు. మిగతా ఎనిమిదీ ఏమైనట్టు? పిల్లి తాగేసిందా?"

జనం నవ్వారు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ కొట్టు కాదుగా. రహాల్ పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాడు, హై హస్సనీ పేటలో సగం పెళ్ళిళ్ళు అతని కెమెరాలోంచే జరుగుతాయి. పెళ్ళికూతురు ఏడు గౌన్లు మార్చిన వీడియో శుక్రవారం లోగా ఇవ్వాలట, మెషీను నిమిషానికోసారి బిగుసుకుపోతోందట. అది నిజమే అయుంటుందని మిలూద్‌కి అనిపించింది. అబద్ధమాడే మనిషి మొహం అంత ఎర్రగా ఉండదు.

మెషీను బల్ల మీద పెట్టి తెర తగిలించి ఆన్ చేశారు. సిస్టమ్ తన సంగతి తాను చెప్పుకునే పేజీ తెరిచాడు మిలూద్. అమర్చిన మెమరీ పదహారు జీబీ అని ఉంది. దాని పక్కనే, వాడుకోగలిగింది ఎనిమిది అని కూడా ఉంది.

"చదువు," అన్నాడు రహాల్. "గట్టిగా చదువు. చివరి కొట్టుదాకా వినపడాలి."

మిలూద్ చదవలేదు. మూత విప్పాడు. నాలుగు గాడుల్లోనూ నాలుగు ర్యాములు, నిలువునా, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కోదాని మూల మీద ఎర్రటి చుక్క. ఈ సంతకి మెషీను తెచ్చే తెలివైనవాళ్ళు ముందుగా భార్య గోళ్ళరంగు తీసుకుని లోపలి సామానుకి చుక్కలు పెట్టుకొస్తారు, మార్చేస్తామేమోనని. రహాల్ మరీ తెలివైనవాడు, నాలుగింటికీ పెట్టుకొచ్చాడు.

"ఇవిగో నీ చుక్కలు. నీవేనా, కావా?"

రహాల్ వంగి చూశాడు. కాస్త తగ్గాడు. "నావే. అయితే చచ్చినవేమో, ఎవడికి తెలుసు?"

ఎదురు కొట్టు బూషైబ్ పాత మెషీన్లు అమ్ముతాడు. ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా తన మెషీన్లో పెట్టి చూపించాడు. నాలుగూ బంగారంలా పనిచేశాయి. హమ్మయ్య అనుకున్నాడు మిలూద్. అనుకున్నంతసేపు కూడా పట్టలేదు ఆ ఊరట పోవడానికి.

"అలాగా!" అన్నాడు రహాల్, ఈసారి నెమ్మదిగా. "ర్యాములు మంచివైతే మరి బోర్డు చచ్చిందన్నమాట. నా బోర్డు చావలేదు. నా ఇంట్లో నాలుగూ చూపించింది. నువ్వు నా మంచి బోర్డు లాక్కుని, ఇలాంటిదే ఓ చచ్చిన బోర్డు బిగించావు. దానికి చుక్క పెట్టుకోవాలని తోచలేదు చూడు, అదీ నా బుద్ధి తక్కువ."

బోర్డు మార్చడమంటే ఆ సంతలో చిన్న మాట కాదు. కాగితాలు రాసుకునే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. నంబర్లు రాసుకుంటే మాట మీద నమ్మకం లేనట్టే కదా అని వాళ్ళ గర్వం. ఇప్పుడు ఆ గర్వమే మిలూద్ పీకకి చుట్టుకుంది. ఇది అదే బోర్డు అని చూపించడానికి అతని దగ్గర చిన్న చీటీ ముక్క కూడా లేదు.

బూషైబ్ గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడేం కాదు, నోరు ఆగదు, అంతే.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి. మెమరీ దానంతటది మాయం కాదు కదా."

మిలూద్ చటుక్కున తలెత్తి అతనివంక చూశాడు. ఎందుకంటే ఆ మాట బూషైబ్‌ది కాదు. రెండేళ్ళ కింద, ఇదే సందులో, ఇలాగే జనం మూగినప్పుడు, అచ్చం అదే మాట అన్నది మిలూదే.

అప్పుడు నేరం మోపింది జిలాలీ మీద. మిలూద్ పక్క కొట్టు జిలాలీది. ఒకే మాలెమ్ దగ్గర, అంటే పని నేర్పే గురువు దగ్గర, ఒకే బల్ల మీద పని నేర్చుకున్నవాళ్ళు, ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. ఎవరిదో మెషీన్లో మెమరీ సగమైపోయిందని గొడవొచ్చింది. జిలాలీ తల్లి మీద ఒట్టేశాడు, పిల్లల మీద ఒట్టేశాడు. నువ్వేమంటావురా అని మాలెమ్ మిలూద్‌ని అడిగితే, మెమరీ దానంతటది మాయం కాదు కదా మాలెమ్ అనేశాడు. అంతే. నేరం పడినవాడు కొట్టు తాళంచెవి మాలెమ్‌కి అప్పగించాలని ఆ సందు ఆచారం, జిలాలీ తాళంచెవి ఇంక తిరిగి రాలేదు. ఆ సందులో ఎవరూ అతనికి సలాం చెప్పకూడదు, చెప్పినా ఎవరూ బదులివ్వకూడదు. ఇప్పుడు అతను సంత గేటు దగ్గర బండి మీద పొద్దుతిరుగుడు గింజలు అమ్ముకుంటున్నాడు. అతని భార్య తామూ రొట్టెల పళ్ళెం ఎత్తుకుని పేటలో అందరూ కాల్చుకునే ఉమ్మడి పొయ్యి దగ్గరికొస్తే ఆడవాళ్ళు పక్కకి జరిగిపోతారు. అందులో మిలూద్ భార్య జహ్రా కూడా ఉంది. రోజూ పొద్దున్న మిలూద్ ఆ గింజల బండి ముందునుంచే తల దించుకుని వస్తాడు.

"మాలెమ్‌ని పిలవండి," అన్నారెవరో.

పిలవక్కర్లేకపోయింది. అబ్దెల్‌కబీర్ మాలెమ్ అప్పటికే వస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి జెల్లాబా అంగీ, చేతిలో సగం తాగిన టీ గ్లాసు. ఆ సందులో స్క్రూడ్రైవర్ పట్టిన ప్రతివాడికీ అది పట్టడం నేర్పింది ఆయనే. సందు పెద్దా ఆయనే, తగవు తీర్చేదీ ఆయనే. ఇరుపక్షాలూ విన్నాడు. తెర మీద అంకెలు చూశాడు. టీ గ్లాసు బూషైబ్ చేతికిచ్చి, మిలూద్ ముందు అరచెయ్యి చాపాడు.

"తాళంచెవి."

"మాలెమ్! మీరు కూడానా?"

"నేను నిన్ను దొంగ అనలేదు. ఆచారం ఆచారమే. జిలాలీకి ఒకటీ, నీకొకటీ ఉంటుందా?"

మిలూద్ నడుముకున్న తాళంచెవి విప్పి ఆ చేతిలో పెట్టాడు. అందరూ చూశారు.

"సాయంత్రం అసర్ అజాన్ దాకా నీకు గడువు," అన్నాడు మాలెమ్. "ఇదే బోర్డు, ఇవే ర్యాములు. పదహారు చూపించు, నీ తాళంచెవి నీకు. చూపించలేకపోతే..." ఆ మాట ఆయన పూర్తి చెయ్యలేదు. కానీ అక్కడున్న ప్రతి ఒక్కడూ గేటు వైపు ఓ చూపు చూశాడు.

షట్టరు సగం దించారు. లోపల మిలూద్, ఎదురుగా స్టూలు మీద రహాల్. ఒక్క స్క్రూ కూడా తన కళ్ళు కప్పి కదలకూడదని ఒట్టు పెట్టుకున్నవాడిలా కూర్చున్నాడు.

మిలూద్ మొదట అందరూ చేసేదే చేశాడు. ర్యాముల పసుపు అంచుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఊదాడు. ఆన్ చేస్తే ఎనిమిది. గాడులు మార్చి పెట్టాడు, ఎనిమిది. బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ ఊడదీసి, పావుగంట ఆగి, మళ్ళీ పెట్టాడు. ఎనిమిదే. సిస్టమ్‌లో మెమరీకి హద్దు పెట్టే గడి ఒకటుంటుంది, దాన్ని ఎవరైనా నొక్కేశారేమోనని చూశాడు. శుభ్రంగా ఖాళీగా ఉంది. వేరే సిస్టమ్ ఉన్న డిస్కు తగిలించి చూశాడు. అదీ అదే పాట పాడింది.

"ఎందుకు తంటాలు?" అన్నాడు రహాల్. "నా బోర్డు ఎవడికమ్మావో చెప్పు. నేనే వెళ్ళి బతిమాలి తెచ్చుకుంటా."

"అన్నా, నీకు దణ్ణం పెడతా, కాసేపు నోరు మూసుకో."

"నోరు మూసుకుంటే పెళ్ళికూతురి తల్లి ఊరుకుంటుందా? పొద్దుటి నుంచి ఇరవైసార్లు చేసింది. ఇదిగో, మళ్ళీ!"

ఒంటిగంట దాటింది. జొహర్ నమాజు అయిపోయింది. షట్టరు కిందనుంచి బూషైబ్ బీన్సు సూపు గిన్నె తోశాడు. దానివంక చూడబుద్ధి కూడా కాలేదు. జహ్రా రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. ఏమని చెబుతాడు? రేపటి నుంచి పొయ్యి దగ్గర నీ పళ్ళెం కూడా చివర్న పెట్టుకోవాలి అని చెబుతాడా?

ఇక మిగిలింది ఒకటే, ప్రాసెసర్. దాని కింద వెయ్యికి పైగా సన్నటి పిన్నులుంటాయి, వాటిల్లో ఒక్కటి వంగినా మెమరీ కనపడకపోవచ్చు. కొత్త ఫ్యాను పెట్టేటప్పుడు తనే వంచేశాడేమో! కొత్త ఫ్యాను నాలుగు స్క్రూలూ విప్పి, ఫ్యాను ఎత్తి, పేస్టు తుడిచి, ప్రాసెసర్ తీసి, భూతద్దంలో పిన్నులన్నీ వరసవరసగా చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ వంగిన పిన్ను ఒక్కటీ కనపడలేదు. ఒక్కటి వంగినా బాగుండు, కనీసం తప్పేమిటో తెలిసేది.

ఏమీ తోచక మళ్ళీ బిగించాడు. కొత్త పేస్టు రాశాడు. నాలుగు స్క్రూలూ మూల నుంచి మూలకి, ఆగినంతవరకూ తిప్పాడు. అటు రహాల్ వీపు తిప్పి, పెళ్ళికూతురి తల్లితో ఫోన్లో అరుస్తున్నాడు. "అమ్మా, మీ అమ్మాయి ఏడు గౌన్లూ భద్రంగానే ఉన్నాయమ్మా, గౌన్లకేం కాలేదు!" మిలూద్ ఓపిక నశించి, పని పూర్తి చెయ్యకుండానే బటన్ నొక్కాడు.

పదహారు. వాడుకోగలిగింది కూడా పదహారు.

అరవబోయి నోరు మూసుకున్నాడు. ఇంకా అర తిప్పు బాకీ ఉంది, అది లేకుండా పని అయిపోయినట్టు కాదు. మెషీను ఆపేసి, స్క్రూడ్రైవర్ తీసి, నాలుగు స్క్రూలకీ తలో అర తిప్పు తిప్పాడు. మళ్ళీ ఆన్ చేశాడు. మొహం వెలిగిపోతూ తెర వైపు చూశాడు.

ఎనిమిది.

"ఏమైంది?" అన్నాడు రహాల్ ఫోను పెట్టేస్తూ.

"ఏం కాలేదు," అన్నాడు మిలూద్. తెరని మెల్లగా తన వైపుకి తిప్పుకున్నాడు.

ఆ అర తిప్పు సంగతి చెప్పాలి. దాన్ని దారి కోసం తిప్పే తిప్పు అంటారు. మాలెమ్ కుర్రతనంలో టీవీలు బాగుచేసేవాడు. అవి బళ్ళ మీద దూరాన ఉన్న సెట్టాత్ ఊరి దాకా, ఇంకా అవతలికి వెళ్ళేవి. దారి పొడుగునా గతుకులే. ఇల్లు చేరేసరికి స్క్రూలు వదులై టీవీ మూగబోయేది. అందుకని ప్రతి స్క్రూ బిగిసిపోయాక దారి కోసం ఇంకో అర తిప్పు తిప్పేవాడు. ఆయన బాగుచేసినది తిరిగొచ్చేది కాదు. అదే ఆయన పేరు, అదే ఆయన పరువు. శిష్యులందరికీ నేర్పాడు. మర్చిపోతే చేతి మీద స్క్రూడ్రైవర్ వెనకభాగంతో కొట్టేవాడు. సందులోని ఇరవై కొట్లూ ఇప్పటికీ అదే తిప్పు తిప్పుతున్నాయి.

పాత ప్రాసెసర్లు దళసరి, ఎంత నొక్కినా ఊరుకునేవి. ఇప్పటివి పల్చన. మరీ నొక్కితే ఒక పక్క దిగబడి మరో పక్క పిన్నుల మీంచి వెంట్రుకవాసి లేస్తుంది. లేచిన పక్క ఉన్న రెండు ర్యాములతో ప్రాసెసర్‌కి మాటల్లేవు. అవి ఉన్నాయని తెలుస్తుంది, పలకరిస్తే పలకవు.

మిలూద్ అర తిప్పు వదులు చేశాడు, పదహారు. బిగించాడు, ఎనిమిది. వదులు చేశాడు, పదహారు. మూడుసార్లూ అంతే. బోర్డు అదే, ర్యాములు అవే. దొంగతనమూ లేదు, దుమ్మూ లేదు.

ఒక్క క్షణం గుండె తేలికైంది. ఆ వెంటనే జిలాలీ గుర్తొచ్చాడు. ఆ రోజు జిలాలీ కూడా కొత్త ఫ్యానే మార్చాడు. అతని చెయ్యి అసలే బండ చెయ్యి, అర తిప్పంటే ముప్పావు తిప్పేవాడు. మిలూద్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు. తల్లి మీద ఒట్టేసిన మనిషిని, పిల్లల మీద ఒట్టేసిన మనిషిని, ఓ పదును మాట దొరికింది కదా అని గేటు బయటికి తోసేశాడు. ఆ మాట ఆ రోజు ఎంత తెలివిగా అనిపించిందని! ఇంటికెళ్ళి జహ్రాకి కూడా చెప్పుకున్నాడు.

ఇప్పుడు మాలెమ్‌తో ఏమనాలి? మీ తిప్పే దొంగ అనాలా? ముప్పై మంది ముందు? పన్నెండేళ్ళవాణ్ణి తెచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టినవాడు. పెళ్ళి చేసినవాడు. ఈ కొట్టు ఇప్పించినవాడు. ఆయన్ని ఈ వయసులో నలుగురిలో తల వంచుకునేలా చెయ్యాలా? గాడిలో దుమ్ము అంటే సరిపోదూ! అందరూ నమ్ముతారు. దుమ్ము మీద ఎవరికీ జాలి లేదు. జిలాలీ సంగతి రెండేళ్ళ కిందటిది, పాతబడిపోయింది, అల్లా చూసుకుంటాడు.

ఇలా తనకి తాను చెప్పుకుంటుండగానే సంత మసీదు నుంచి అసర్ అజాన్ వినపడింది. షట్టరు పైకి లేచింది.

నమాజు నుంచి మాలెమ్ నేరుగా వచ్చాడు, వెనక సందంతా వచ్చింది. మిలూద్ మారు మాట్లాడకుండా తెర చూపించాడు. పదహారు. రహాల్ మొహం తెరకి ఆనించి చూశాడు. పేజీ మూసి మళ్ళీ తెరిచాడు. ఉన్నట్టుండి మిలూద్‌ని కౌగిలించుకుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు.

"క్షమించు తమ్ముడూ! ఆ పెళ్ళికూతురి తల్లి నన్ను పిచ్చివాణ్ణి చేసేసింది. పాడు నోరు నాది, ఏదేదో అన్నాను."

"ఇంతకీ ఏమైంది?" అన్నాడు మాలెమ్.

మిలూద్ ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు. "దుమ్ము, మాలెమ్. గాడిలో."

"నేను చెప్పలా!" అన్నాడు బూషైబ్. వాడేమీ చెప్పలేదు.

మాలెమ్ జెల్లాబా జేబులోంచి తాళంచెవి తీసి మిలూద్ అరచేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. అందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలెట్టారు, ఎవరో టీకి కేక వేశారు. గండం గడిచింది. మిలూద్ ఆ తాళంచెవిని పిడికిట్లో గట్టిగా పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నా సంతోషం రాలేదు.

రహాల్ దుప్పటి పరుస్తున్నాడు. మాలెమ్ ముసలి కళ్ళు మాత్రం మెషీను వదల్లేదు. వంగి, ఫ్యాను స్క్రూ మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"ఇదేమిట్రా? హై హస్సనీ దాకా బండి మీద వెళ్ళాల్సిన మెషీను! దారి తిప్పు మర్చిపోయావా? భయంలో మతి పోయినట్టుంది వెధవకి." నవ్వుతూ బల్ల మీది స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "ఇలా తప్పుకో. నేను తిప్పుతా."

ఆయన చెయ్యి మొదటి స్క్రూ మీదికి వెళ్ళింది. మిలూద్ ఆపబోయి, ఆగిపోయాడు. తిప్పనిస్తే రహాల్ రేపు మళ్ళీ వస్తాడు, ఈసారి సందు మధ్య నిలబడి ఇంకా గట్టిగా అరుస్తాడు. ఆపితే ఎందుకని అడుగుతారు. మొదటి స్క్రూ తిరిగింది. రెండోది తిరిగింది. ఆ ముసలి మణికట్టు ఎంత నేర్పుగా తిరుగుతుందో చూస్తూ నిలబడ్డాడు మిలూద్. ఆ నేర్పు నేర్చుకోవడానికి తను ఎన్ని దెబ్బలు తిన్నాడో, జిలాలీ ఎన్ని తిన్నాడో గుర్తొచ్చింది. మూడోది. నాలుగోది.

"మాలెమ్," అన్నాడు. "ఇప్పుడు ఆన్ చెయ్యండి."

"ఎందుకు? చూశాంగా."

"మీ చేత్తోనే చెయ్యండి. నా మాట విని ఒక్కసారి చెయ్యండి."

మాలెమ్ బటన్ నొక్కాడు. తెర వెలిగింది. ఆ పేజీ తెరిచి మిలూద్ పక్కకి జరిగాడు.

"ఎనిమిదా?" రహాల్ దుప్పటి వదిలేశాడు. "మళ్ళీ ఎనిమిదేంటి? ఇప్పుడేగా పదహారు!"

"ఇప్పుడు ఆ నాలుగూ అర తిప్పు వెనక్కి తిప్పండి, మాలెమ్."

ఆయన తిప్పాడు. ఈసారి మణికట్టు అంత నేర్పుగా తిరగలేదు. ఆన్ చేశాడు. పదహారు.

మాలెమ్ స్క్రూడ్రైవర్ని వెలుతురులో పెట్టి చూశాడు, అందులోనే ఏదో తప్పున్నట్టు.

"దుమ్మన్నావు," అన్నాడు.

"అబద్ధమాడాను, మాలెమ్. మీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"ఈ తిప్పు ఎన్నాళ్ళ నుంచి తిప్పుతున్నానో తెలుసా నీకు? నలభై ఎనిమిదేళ్ళు."

"తెలుసు. మీ తప్పు కాదు. ప్రాసెసర్లు మారాయి, మన చేతులు మారలేదు." మిలూద్ అక్కడితో ఆగలేదు. ఆగితే ఇంక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. "మాలెమ్, జిలాలీ కూడా ఆ రోజు ఫ్యానే మార్చాడు."

జిలాలీ తరఫున ఆ సందులో రెండేళ్ళుగా ఎవరూ నోరు విప్పలేదు. బూషైబ్ చేతిలో టీ గ్లాసులున్న పళ్ళెం గలగలలాడింది.

ముసలాయన స్టూలు మీద కూలబడ్డాడు. రహాల్ దిగిన స్టూలే అది. కాసేపటికి మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాడు. ఇంకో తాళంచెవి తీశాడు, తుప్పు పట్టినది. రెండేళ్ళుగా ఒంటి మీదే మోస్తున్నాడని ఎవరికీ తెలియదు.

"నన్ను లేపండిరా," అన్నాడు.

గేటు దాకా నడిచారు. ఆయన చెయ్యి మిలూద్ భుజం మీద ఉంది, బరువంతా అక్కడే వేశాడు. వెనక సందు మొత్తం నడిచింది. తనకేమిటి సంబంధం అనుకోకుండా రహాల్ కూడా నడిచాడు, పెళ్ళికూతురి తల్లి ఫోను మోగుతున్నా ఎత్తకుండా.

జిలాలీ ఎవరికో గింజలు తూస్తున్నాడు. ఇంతమంది వస్తుంటే మళ్ళీ ఏం మీద పడబోతోందో అన్నట్టు చూశాడు. బండిని ఓ అడుగు వెనక్కి లాక్కున్నాడు. మాలెమ్ బండి ముందు ఆగాడు.

"అస్సలాము అలైకుమ్, జిలాలీ."

జిలాలీ తక్కెడ దించలేదు. బదులివ్వలేదు. పొట్లం కట్టి, కొన్నవాడికిచ్చి పంపించి, చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు మాలెమ్ కేసి కాకుండా మిలూద్ కేసి చూశాడు.

"ఏం దొరికింది?"

"నువ్వు తియ్యలేదు," అన్నాడు మిలూద్. "ఎవరూ తియ్యలేదు. దారి తిప్పు, జిలాలీ. దాని వల్లే సగం మెమరీ కనపడదు. మాలెమ్ చేత్తో తిప్పినా అంతే. నేనన్న మాటకి..."

"తిప్పా?"

"అర తిప్పు."

"అర తిప్పు," అన్నాడు జిలాలీ. వేళ్ళతో గాలిలో ఓ స్క్రూ తిప్పినట్టు తిప్పి చూసుకున్నాడు. నవ్వబోయాడు. అది నవ్వుగా రాలేదు, ఎటో పోయింది. బండి చెక్క పట్టుకుని తల వంచి, ఎవరు చూస్తున్నారని చూసుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండేళ్ళ ఏడుపు. మిలూద్ దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాడు, ఆ హక్కు తనకుందో లేదో తెలియలేదు.

మాలెమ్ తాళంచెవి చాపాడు. "నీ కొట్టు, నాయనా. నేను చేసిన తప్పు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు."

జిలాలీ మొహం తుడుచుకున్నాడు. తాళంచెవిని చూశాడు గానీ అందుకోలేదు.

"అది మీ దగ్గరే ఉండనివ్వండి. నాకేం, నేను సంతలో మగాణ్ణి, పడ్డాను. తామూ ఏం చేసింది? పొయ్యి దగ్గర పళ్ళెం పట్టుకుని రెండేళ్ళు గోడవైపు తిరిగి నిలబడింది. ఇంటికొచ్చి ఒక్క రోజూ నాతో చెప్పలేదు. పొయ్యివాడు చెబితే తెలిసింది నాకు." ఆయన చేతిని మెల్లగా వెనక్కి జరిపాడు. "ముందు దానికి చెప్పండి సలాం. మీరూ, మీ ఆడవాళ్ళూ, అందరూ, ఒక్కొక్కరుగా. ఆ తర్వాత చూద్దాం ఆ తాళంచెవి సంగతి."

మాలెమ్ తల ఊపాడు.

మిలూద్ ఫోను తీసి జహ్రాకి చేశాడు. మొదటి మోతకే ఎత్తింది.

"ఏమైపోయావు? పొద్దుటి నుంచి చేస్తున్నా! సందులో ఏదో గొడవట, నిజమేనా?"

"పిండి కలిపావా?"

"పళ్ళెంలో సర్దుతున్నా. ఎందుకు?"

"పొయ్యి దగ్గరికి వెళ్ళకు, నా కోసం ఆగు. నేనూ వస్తా."

"నువ్వా? పొయ్యి దగ్గర నీకేం పని?"

"తామూకి సలాం చెప్పాలి," అన్నాడు మిలూద్. "ఇద్దరం చెప్పాలి."